గోల్డ్స్ జిమ్ ఎవరిది? పేరు ఒకచోట, ఇనుము ఒకచోట

క్లుప్తంగా: గోల్డ్స్ జిమ్‌ను 1965లో కాలిఫోర్నియాలోని వెనిస్‌లో జో గోల్డ్ తెరిచాడు. ఐదేళ్లకే అమ్మేశాడు, జిమ్‌తోపాటు పేరు కూడా చేజారింది. ఆ తర్వాత అది భాగస్వాముల చేతుల్లోకి, పెట్టుబడి సంస్థల చేతుల్లోకి, చివరికి జర్మన్ కంపెనీ చేతుల్లోకి వెళ్లింది. జర్మన్ కంపెనీ కొనకముందే, 2020లో, అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరింది మాతృసంస్థ. ఆ బోర్డు కింద నడిచే జిమ్‌లన్నీ దివాలా తీయలేదు. ఫ్రాంచైజీ జిమ్‌లో, అంటే ఆ పేరు అద్దెకు తీసుకుని స్థానికుడు నడిపే జిమ్‌లో, చేరిన సభ్యుడి ఒప్పందం స్థానిక యజమానితోనే ఉంటుంది. ఒడిశా సరిహద్దు ఊళ్లలో జిమ్ పెట్టేవాళ్లకూ, ఏడాది ఫీజు ముందే కట్టేవాళ్లకూ ఈ తేడా తెలియడం అవసరం.

## గందరగోళం ఎక్కడుంది

బరంపురంలోనో రాయగడలోనో ఖాళీ మేడ చేతిలో ఉన్న కుర్రాడు జిమ్ పెడదామనుకుంటే రెండు దారులు కనిపిస్తాయి. మీరట్ నుంచో జలంధర్ నుంచో సామాను దింపించుకుని సొంత పేరు పెట్టుకోవడం ఒకటి, పెద్ద పేరుకు డబ్బు కట్టి ఆ బోర్డు తగిలించుకోవడం మరొకటి. రెండో దారి మాట వచ్చినప్పుడల్లా గోల్డ్స్ జిమ్ ప్రస్తావన వస్తుంది. దాని వెంటే ప్రశ్నలూ వస్తాయి. ఆ కంపెనీ దివాలా తీసిందట కదా? అది ఆర్నాల్డ్‌ది కదా? జర్మనీవాళ్లు కొన్నారట, మరి ఇండియాలో ఉన్నవి ఎవరివి?

బాడీబిల్డరు, సినిమా నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ఆ జిమ్‌లో కసరత్తు చేసినవాడే, యజమాని కాదు. మిగతా ప్రశ్నలకు జవాబు అంత సూటిగా ఉండదు. జిమ్ అనే మాట కింద నాలుగు వేర్వేరు వస్తువులున్నాయి: స్థలం, సామాను, అక్కడికొచ్చే జనం, పేరు. 1965లో ఆ నాలుగూ ఒకే కప్పు కింద, ఒకే మనిషి చేతిలో ఉండేవి. ఆ తర్వాతి చరిత్రంతా అవి ఒక్కొక్కటిగా విడిపోయిన చరిత్రే. ఏ యజమాని వాటిలో దేన్ని కొన్నాడు, దేన్ని అమ్మాడు అని చూస్తే చాలావరకు చిక్కు వీడుతుంది.

## సముద్రపు ఒడ్డు నుంచి నేలమాళిగకు

దక్షిణ కాలిఫోర్నియాలోని శాంటా మోనికా తీరంలో 1930లలో ‘మజిల్ బీచ్’ మొదలైంది. ఇసుకలో కట్టిన వేదిక మీద జిమ్నాస్టులు, బరువులెత్తేవాళ్లు కసరత్తు చేస్తుంటే జనం గుమిగూడి చూసేవాళ్లు. 1950ల చివర్లో నగరపాలకులు దాన్ని మూసేశారు. బరువులెత్తేవాళ్లు గోడల మధ్యకు చేరాల్సి వచ్చింది. విక్ టానీ అనే వ్యాపారి శాంటా మోనికాలో పెట్టిన నేలమాళిగ జిమ్ అలాంటి వాళ్ల అడ్డా అయింది. గాలీ వెలుతురూ సరిగా ఉండవు కాబట్టి దానికి ‘డంజన్’ (చీకటికొట్టు) అని పేరు పడింది.

విక్ టానీ సంగతి ఇక్కడే కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే అరవై ఏళ్ల తర్వాత జరిగినదానికి అది ముందుమాట వంటిది. అమెరికాలో జిమ్‌లను గొలుసుకట్టు వ్యాపారంగా మార్చిన మొదటివాళ్లలో ఆయన ఒకడు. క్రోమియం మెరుపులు, కార్పెట్లు, దీర్ఘకాల సభ్యత్వాలు, వాయిదాల మీద ఫీజులు. కొత్త సభ్యుల డబ్బుతో కొత్త శాఖలు తెరుస్తూ పోయాడు. 1960ల మొదట్లో ఆ గొలుసు తెగింది. సభ్యులు వాయిదాలు మానేశారు, అద్దెలు మాత్రం ఆగలేదు.

జో గోల్డ్ దానికి పూర్తిగా వ్యతిరేకం. 1922లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనూ ఆ తర్వాతా ఓడల మీద పనిచేశాడు. మిషను పని తెలిసినవాడు. 1950లలో నటి మే వెస్ట్ రంగస్థల ప్రదర్శనల్లో కండలవీరుల బృందంలో ఉన్నాడు. 1965లో వెనిస్‌లోని పసిఫిక్ అవెన్యూలో, సముద్రానికి నడక దూరంలో, సిమెంటు దిమ్మెలతో కట్టిన భవనంలో తన జిమ్ తెరిచాడు. కార్పెట్లు లేవు, ఆవిరి స్నానాలు లేవు. సామానులో చాలాభాగం తానే వెల్డింగ్ చేసి తయారుచేశాడు.

## జో గోల్డ్ చేతిపని ఎందుకు పనికొచ్చింది

అప్పట్లో దొరికే సామాను మామూలు మనుషుల కోసం తయారైంది. 110 కిలోల మనిషి 200 కిలోల బరువుతో కూర్చుంటే బల్ల కాళ్లు వంకర పోయేవి. జో గోల్డ్ మందపాటి ఉక్కుతో బెంచీలు, పుల్లీ మిషన్లు చేశాడు. కేబుల్ తడబడకుండా జారడం, డంబెల్ చేతిలో సమతూకంగా కూర్చోవడం, బెంచీ కదలకపోవడం వంటివి అనుభవజ్ఞులకు మాత్రమే తెలిసే విషయాలు. వాళ్లు వచ్చారు, వాళ్లను చూసి మిగతావాళ్లు వచ్చారు.

ఈ ఇనుము సంగతి సరిహద్దు ఊళ్ల జిమ్‌లకు నేరుగా వర్తిస్తుంది కనుక వివరంగా చూడాలి.

పోటీ ప్రమాణాల ప్రకారం పురుషుల ఒలింపిక్ రాడ్డు బరువు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు, చెయ్యి పట్టుకునేచోట మందం 28 మిల్లీమీటర్లు, ప్లేట్లెక్కించే చివరల మందం 50 మిల్లీమీటర్లు. మహిళల రాడ్డు 15 కిలోలు, పట్టు 25 మిల్లీమీటర్లు. ఆ చివరలు రాడ్డుతో సంబంధం లేకుండా గిర్రున తిరగాలి. తిరగకపోతే బరువు లేపేటప్పుడు ప్లేట్ల తిప్పుడు మొత్తం మణికట్టు మీద పడుతుంది. చిన్న ఊళ్లలో ఎక్కువగా కనిపించేది మొత్తం ఒకే మందం ఉండే సాదా రాడ్డు. దాని ప్లేట్ల రంధ్రం 30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. సగం సామాను ఒక కొలతలో, సగం మరో కొలతలో కొన్నవాళ్లు తర్వాత 50 మిల్లీమీటర్ల ప్లేట్లను సాదా రాడ్డుకు ఎక్కిస్తారు. ప్లేటు వదులుగా ఊగుతుంది, క్లిప్పు జారుతుంది, బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. మొదటి రోజే ఒక కొలత నిర్ణయించుకుని దానికే కట్టుబడాలి. మెత్తటి ఇనుప రాడ్డు 150 కిలోలకు వంగి, బరువు దించినా నిటారుకు రాదు. మంచి ఉక్కు వంగి మళ్లీ తన స్థితికొస్తుంది. కొనేటప్పుడు రాడ్డును నేలమీద దొర్లిస్తే ఇప్పటికే వంకర ఉందో లేదో తెలిసిపోతుంది.

చట్రం విషయానికొస్తే, భారీ వాడకానికి 11 గేజ్ పైపు, అంటే సుమారు 3 మిల్లీమీటర్ల మందం కావాలి. ధర తగ్గించాలంటే షాపువాళ్లు 14 గేజ్, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు ఇస్తారు. పైన పౌడర్ కోటింగ్ వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైపు చివరి ప్లాస్టిక్ మూత ఊడదీసి చూడాలి. స్క్వాట్ ర్యాకు (బరువులెక్కించిన రాడ్డును భుజాల ఎత్తులో నిలిపే చట్రం) మూలల్లో వెల్డింగు చుట్టూతా పూర్తిగా నడిచిందా, నాలుగు చుక్కలు పెట్టి వదిలేశారా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఊళ్లోని వెల్డింగ్ షాపులో చేయించుకుంటే ఈ రెండింటినీ కళ్లముందే చూసుకోవచ్చు. కాబట్టి బెంచీలు, ర్యాకులు, డంబెల్ స్టాండ్లు స్థానికంగా చేయించుకోవడంలో తప్పేమీ లేదు. పుల్లీ మిషన్లు మాత్రం అలా చేయించి బాగుపడ్డవాళ్లు తక్కువ.

పుల్లీ మిషను రెండుచోట్ల దెబ్బతింటుంది. మొదటిది కేబుల్. ఉక్కు తీగ చిన్న చక్రం మీద మళ్లీమళ్లీ వంగితే లోపలి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. చక్రం ఎంత పెద్దదైతే తీగకు అంత ఆయుష్షు. పైన నైలాన్ తొడుగు ఉండటం వల్ల తెగిన పోగులు కనిపించవు. తొడుగు ఉబ్బినా, చిట్లినా, కొక్కెం దగ్గర తుప్పు మరక కనిపించినా ఆ రోజే మార్చాలి. అతికించి వాడకూడదు. రెండోది గైడ్ రాడ్లు. బరువుల దొంతర జారే ఆ రెండు కడ్డీలు నిట్టనిలువుగా లేకపోతే దొంతర మధ్యలో పట్టేస్తుంది. తప్పు మిషనుది కాకపోవచ్చు, నేల వాలుది కావచ్చు. స్పిరిట్ లెవెల్ పెట్టి కాళ్ల కింద రేకు ముక్కలు సర్దితే సరిపోతుంది. బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రం ఎంతో దూరం కాదు. ఆ ఉప్పుగాలికి క్రోమియం పూత పలచగా ఉన్న కడ్డీలు త్వరగా తుప్పు పడతాయి. గ్రీజు పూస్తే దుమ్ము పేరుకుని మరింత పట్టేస్తుంది. పొడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే పలచగా కొట్టడమే సరైన పద్ధతి.

‘అక్కడ 80 లాగాను, ఇక్కడ 50కే చేతులు పడిపోయాయి’ అన్న మాట జిమ్ మారినవాళ్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. కారణం ఎక్కువసార్లు పుల్లీల అమరికే. ఒకే చక్రం మీదుగా కేబుల్ నేరుగా దొంతరకు వెళ్తే 50 అంటే 50. కేబుల్ కదిలే చక్రం చుట్టూ తిరిగి వచ్చే అమరికలో చేతికి తెలిసే బరువు సగమే, 50 మీద పిన్ను పెట్టినా లాగేది దాదాపు 25. రెండు జిమ్‌ల అంకెల్ని పోల్చడం అర్థంలేని పని.

మేడ మీద జిమ్ పెట్టేవాళ్లు మరిచిపోయేది స్లాబు. ఇంటి గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక భారం లెక్కగట్టి స్లాబు వేస్తారు. వ్యాయామశాలలకు భారతీయ ప్రమాణం అడిగేది సుమారు 500 కిలోలు. పైగా అది నిలకడగా ఉండే భారం లెక్క, డెడ్‌లిఫ్ట్‌లో నేలమీంచి లేపిన రాడ్డును పైనుంచి వదిలేస్తే పడే దెబ్బ వేరు. బరువులు వదిలే చోటు కింది అంతస్తులోనే ఉండాలి. టైల్స్ మీద 8 మిల్లీమీటర్ల రబ్బరు చాప పరిస్తే టైల్ పగలక మానదు. రెండు పొరల ప్లైవుడ్, దాని మీద 15 నుంచి 20 మిల్లీమీటర్ల రబ్బరు ఉండాలి. ట్రెడ్‌మిల్లుకు విడిగా 16 ఆంపియర్ల లైను, సరైన ఎర్తింగ్ కావాలి. వోల్టేజీ పడిపోయే వీధుల్లో ముందుగా పోయేది దాని కంట్రోల్ బోర్డే.

## 1970: జిమ్‌తోపాటు పేరూ పోయింది

జో గోల్డ్ 1970లో జిమ్‌ను ఇద్దరు భాగస్వాములకు అమ్మి మళ్లీ ఓడల మీదికి వెళ్లాడు. ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆర్నాల్డ్ అమెరికా వచ్చింది 1968లో. బాడీబిల్డింగ్‌లో పేరున్న పోటీ మిస్టర్ ఒలింపియా మొదటిసారి గెలిచింది 1970లో. అక్కడి నుంచి 1975 వరకు వరసగా ఆరుసార్లు గెలిచాడు. అంటే జిమ్‌కు ప్రపంచఖ్యాతి వచ్చే సమయానికి దాన్ని కట్టినవాడు దానికి యజమాని కాదు. జనం దృష్టిలో ‘గోల్డ్’ ఒక మనిషి, కాగితాల మీద అది అమ్ముడుపోయిన ఆస్తి.

దీని ఫలితం 1970ల రెండో సగంలో బయటపడింది. జో గోల్డ్ తిరిగొచ్చి శాంటా మోనికాలో మళ్లీ జిమ్ పెట్టాలనుకున్నాడు. తన ఇంటిపేరునే బోర్డు మీద రాసుకునే హక్కు ఆయనకు లేదు. అందుకే దానికి ‘వరల్డ్ జిమ్’ అని పేరు పెట్టాడు. ఆర్నాల్డ్‌తో సహా పాత జట్టులో కొందరు ఆయన వెంట అటు వెళ్లారు. పేరు ఒకచోట, మనిషి మరోచోట. జనం రెండుగా చీలారు, రెండు సంస్థలూ బతికాయి.

వ్యక్తి పేరుతో నడిచే ఏ వ్యాపారానికైనా ఈ చిక్కు ఉంది. హోటలైనా, స్వీట్ల దుకాణమైనా, జిమ్మైనా అమ్మకపు పత్రంలో పేరు గురించి విడిగా రాసుకోకపోతే తగాదా తప్పదు, రాసుకుంటే పేరు పోతుంది. మధ్యేమార్గం పేరును అమ్మకుండా నిర్ణీత కాలానికి వాడుకోనివ్వడం. గోల్డ్స్ జిమ్ తర్వాతి యజమానులు అదే పట్టుకున్నారు.

## టీషర్టు మీదికెక్కిన జిమ్

1970ల మొదట్లో కెన్ స్ప్రేగ్ దాన్ని కొన్నాడు. అప్పటికి బాడీబిల్డింగ్ అంటే బయటి ప్రపంచానికి కాస్త వింత, కాస్త వెక్కిరింత. స్ప్రేగ్ చేసిందల్లా ఆ వింతను పత్రికల్లోకి, వీధుల్లోకి తేవడం. 1973లో రిక్ డ్రేసిన్ అనే బాడీబిల్డరు వంగిన రాడ్డు పట్టుకున్న బట్టతల బలశాలి బొమ్మ గీశాడు. అదే ఈనాటికీ ఆ సంస్థ గుర్తు. తర్వాత వరల్డ్ జిమ్‌కు గొరిల్లా బొమ్మ గీసింది కూడా అతనే కావడం విచిత్రం. ఆ బొమ్మతో టీషర్టులు అమ్మారు. వెనిస్ ముఖం చూడని కుర్రాళ్ల ఒంటిమీదికి జిమ్ పేరు చేరింది. పేరు స్థలం నుంచి విడిపోయింది అక్కడే.

1977లో స్ప్రేగ్ శాంటా మోనికాలో మిస్టర్ అమెరికా పోటీ పెట్టి వీధుల్లో ఊరేగింపు తీశాడు. అదే ఏడాది ‘పంపింగ్ ఐరన్’ డాక్యుమెంటరీ విడుదలైంది. 1975 పోటీలకు సిద్ధమవుతున్న ఆర్నాల్డ్‌ను అందులో ఎక్కువగా గోల్డ్స్ జిమ్ నేపథ్యంలోనే చూపించారు. డబ్బు పెట్టి చేయించే ఏ ప్రకటనా అంత పని చేయలేదు.

ఇదే కాలంలో వేరే రకం విధి చూసిన జిమ్ ఒకటుంది. ఉత్తర హాలీవుడ్‌లో విన్స్ గిరోండా 1940ల చివర్లో తెరిచిన విన్స్ జిమ్. శిక్షకుడిగా గిరోండా పేరు జో గోల్డ్ కంటే తక్కువేమీ కాదు, కొందరు ఎక్కువే అంటారు. శాఖలు లేవు, లైసెన్సులు లేవు, అంతా ఆయన మీదే నడిచింది. 1990ల నడుమ అది మూతపడింది, 1997లో ఆయన పోయాడు. నైపుణ్యంలో తేడా వల్ల ఒకటి మిగిలి మరొకటి పోలేదు. ఒకదాని పేరు గోడల నుంచి విడిపోయింది, రెండోదాని పేరు విడిపోలేదు.

## లైసెన్సు అనే యంత్రం

1979లో స్ప్రేగ్ దగ్గర్నుంచి పీట్ గ్రిమ్‌కౌస్కీ, ఎడ్ కానర్స్, టిమ్ కింబర్ కొన్నారు. 1980లలో వీళ్లు పేరును ఊరూరా అద్దెకివ్వడం మొదలుపెట్టారు. స్థలం, సామాను, జీతాలు, కరెంటు బిల్లు అన్నీ స్థానిక యజమానివి. పేరు, బొమ్మ, ఖ్యాతి కంపెనీవి. స్థానికుడు మొదట కొంత రుసుము, తర్వాత నెలనెలా రాయల్టీ కడతాడు. విక్ టానీ శాఖలు మూతపడితే నష్టం టానీది. గోల్డ్స్ లైసెన్సు జిమ్ మూతపడితే నష్టంలో పెద్దభాగం స్థానికుడిది, కంపెనీకి పోయేది రాయల్టీ మాత్రమే.

ఇలాంటి ఆదాయం పెట్టుబడి సంస్థలకు ఇష్టం. 1999లో బ్రాక్‌వే మోరన్ అనే పెట్టుబడి సంస్థ దాన్ని కొంది. 2004లో టెక్సస్‌లోని టీఆర్‌టీ హోల్డింగ్స్ సుమారు 16 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఓమ్నీ హోటళ్లు కూడా ఆ సంస్థవే. జో గోల్డ్ చనిపోయింది కూడా 2004లోనే, 82వ ఏట. భారతదేశంలోకి ఆ పేరు 2002లో ముంబయి ద్వారా వచ్చింది. దేశం మొత్తానికి హక్కులు తీసుకున్న సంస్థ ఊళ్లవారీగా ఫ్రాంచైజీలు ఇచ్చే పద్ధతి ఇది. అంటే ఇక్కడి జిమ్‌కూ అమెరికా కంపెనీకీ మధ్య ఇంకో మెట్టు ఉంటుంది.

## 2020లో ఏం కూలింది, ఏం కూలలేదు

కంపెనీ లైసెన్సులతో ఆగకుండా సొంత జిమ్‌లు కూడా నడిపింది. కోవిడ్‌తో తలుపులు మూతపడగానే రాబడి ఆగింది, అద్దెలు ఆగలేదు. సుమారు 30 సొంత జిమ్‌లను శాశ్వతంగా మూసేసి, 2020 మే 4న టెక్సస్‌లోని కోర్టులో చాప్టర్ 11 కింద రక్షణ కోరింది. తెలుగు పత్రికల్లో దీన్ని ‘దివాలా’ అనేస్తారు కానీ దుకాణం కట్టేయడం దాని అర్థం కాదు. కోర్టు పర్యవేక్షణలో వ్యాపారం నడుపుకుంటూ అప్పులు సర్దుకునే ఏర్పాటు అది. గిట్టుబాటు కాని అద్దె ఒప్పందాలను వదిలించుకునే వీలు అందులో ఉంది. సొంత జిమ్‌ల భారంతో ఉన్న కంపెనీకి కావలసింది సరిగ్గా అదే. ఫ్రాంచైజీ జిమ్‌లు ఆ కేసులో భాగం కావు.

ఆ జూలైలో జర్మనీకి చెందిన ఆర్‌ఎస్‌జీ గ్రూప్ 10 కోట్ల డాలర్లకు కొంది. తక్కువ నెలసరి ఫీజుతో వరసల కొద్దీ మిషన్లు పెట్టే మెక్‌ఫిట్ జిమ్‌లు ఆ గ్రూపువే. జో గోల్డ్ సిమెంటు గదికీ ఆ పద్ధతికీ పోలికే లేదు. అయినా కొన్నదెందుకంటే మెక్‌ఫిట్ దగ్గర లేనిది గోల్డ్స్ దగ్గరుంది: ప్రపంచమంతా గుర్తుపట్టే పేరు. గ్రూపు స్థాపకుడు రైనర్ షాలర్ 2022 అక్టోబరులో కోస్టారికా తీరంలో విమాన ప్రమాదంలో మరణించాడు.

మన దేశంలో దీనికి ఎదురు ఉదాహరణ టాల్వాల్కర్స్. 1932లో ముంబయిలో మొదలైన కుటుంబ వ్యాపారం 2010లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది, శాఖలు విస్తరించింది, 2019లో డిబెంచర్ల (అప్పుపత్రాల) వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. కోవిడ్ అప్పటికి రానేలేదు. అప్పుతో సొంత శాఖలు పెంచే పద్ధతిలోని ప్రమాదం విక్ టానీ నాటిదే.

## సరిహద్దు ఊరి లెక్క

బరంపురం స్థాయి ఊళ్లో ఒక మామూలు జిమ్‌ను లెక్క కోసం ఊహిద్దాం. 150 మంది సభ్యులు, నెలకు 700 రూపాయలు. రాబడి 1,05,000. అద్దె 35,000, ఇద్దరు శిక్షకులకు 24,000, కరెంటు 12,000. సామాను కోసం 12 లక్షల అప్పు, 12 శాతం వడ్డీకి నాలుగేళ్లకు కిస్తీ సుమారు 31,600. ఖర్చు మొత్తం 1,02,600. మిగిలేది 2,400. కేబుల్ తెగితే అదీ పోతుంది. పరీక్షల నెలలోనో వానాకాలంలోనో 20 మంది మానేస్తే 14,000 తగ్గుతుంది, అద్దె మాత్రం తగ్గదు. చిన్న ఊళ్లలో జిమ్‌లు తెరిచిన రెండు మూడేళ్లకే చేతులు మారడానికి కారణం యజమాని సోమరితనం కాదు, ఈ అంకెలే. అందుకే అందరూ ఏడాది ఫీజు ముందే వసూలు చేయాలని చూస్తారు. ఆ డబ్బును కిస్తీలకు వాడేస్తే, తర్వాతి పదకొండు నెలలు రాబడి లేకుండా సేవ చేయాల్సి వస్తుంది.

దీనిమీద 6 శాతం రాయల్టీ ఉందనుకుంటే 6,300, దానిపై 18 శాతం జీఎస్టీతో 7,434. మిగులు కాస్తా 5,000 లోటవుతుంది. ఆ బోర్డు కనీసం మరో 8 మందిని తెస్తే లోటు పూడుతుంది, 12 మందిని తెస్తే పాత స్థితి వస్తుంది. ఇది సులభమే అనిపించవచ్చు. అసలు భారం వేరేచోట ఉంటుంది: మొదటి రుసుము, కంపెనీ చెప్పిన సామానే కొనాలన్న షరతు, ఇంత విస్తీర్ణం ఉండాలన్న నిబంధన. వాటికి తగ్గట్టు ఫీజు పెంచాలి. 700 కట్టే ఊళ్లో 2,000 కట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే ప్రశ్న. విశాఖకూ భువనేశ్వర్‌కూ నప్పే లెక్క రాయగడకు నప్పకపోవచ్చు.

పన్ను సంగతి కూడా మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది, కానీ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోళ్లపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, లేదు. సభ్యుడికి ఇది లాభం. కొత్తగా జిమ్ పెట్టేవాడికి మాత్రం 12 లక్షల సామానుపై 18 శాతం చొప్పున కట్టే 2,16,000 తిరిగి రాదు, అద్దెమీదా రాయల్టీమీదా కట్టిన పన్నూ అంతే. ఏడాది రాబడి 20 లక్షలు దాటనివాళ్లకు సేవలపై నమోదే అవసరం లేదు. పైన ఊహించిన జిమ్ రాబడి 12,60,000 కాబట్టి అది ఆ గీత కిందే ఉంటుంది. పెద్ద బోర్డు కింద ఫీజు పెంచితే గీత దాటుతుంది.

## పేరుకు వెల కట్టని పద్ధతి

ఈ ప్రాంతంలో బలసాధనకు జిమ్ కంటే పాత ఏర్పాటు ఉంది. తెలుగువాళ్లు సాము గరిడీ అంటారు, ఒడియావాళ్లు అఖాడా అంటారు. దండీలు, బస్కీలు, కర్రసాము, సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పందేలు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి శ్రీకాకుళం, బరంపురం ఒకే సంప్రదాయంలో పెరిగాయి. గరిడీకి యజమాని ఉండడు, గురువు ఉంటాడు. స్థలం వీధిది, ఖర్చు ఊరి పెద్దలదో జమీందారుదో. అందుకే అది అమ్ముడుపోదు, పోషకుడు లేకపోతే మూతపడుతుంది.

మల్లయోధుడు కోడి రామమూర్తి ఉదాహరణ చాలు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కసుతో దేశదేశాలు తిరిగిన ఆయన చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో గడిపి 1942లో కన్నుమూశారు. ఆ కాలంలో ఆయన పేరు తెలియని తెలుగిల్లు లేదు. ఆ పేరు శ్రీకాకుళంలో స్టేడియానికి మిగిలింది కానీ వ్యాయామశాలల గొలుసుగా మారలేదు. మార్చే యంత్రాంగం అప్పటికి లేదు. బోర్డు బలం లేకుండా క్రీడాకారులు తయారు కారని కూడా అనలేం. బరంపురానికి చెందిన వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం గెలిచాడు.

## ఒప్పందంలో చూడాల్సినవి

ఫ్రాంచైజీ తీసుకునేవాళ్లు మొదట చూడాల్సింది సంతకం పెడుతున్నది ఎవరన్నది: అసలు పేరు యజమానా, దేశ హక్కులున్న సంస్థా, మధ్యవర్తా. పైస్థాయిలో కంపెనీ చేతులు మారితే స్థానిక ఒప్పందం అవే షరతులతో కొనసాగుతుందని రాసి ఉండాలి. ఏడు చేతులు మారిన పేరు ఎనిమిదో చేతికి వెళ్లదని ఎవరూ చెప్పలేరు. రాయల్టీ వసూలైన డబ్బు మీదా, రాసిన బిల్లు మీదా అన్నది తేల్చుకోవాలి, బకాయిలు పెట్టే సభ్యులున్న ఊళ్లలో ఈ రెంటికీ చాలా తేడా. ఎంత దూరంలోపు ఇంకొకరికి ఆ బోర్డు ఇవ్వరో కిలోమీటర్లలో ఉండాలి. ఒప్పందం ముగిశాక బోర్డు దించాలి సరే, సభ్యుల జాబితా, సామాను ఎవరికి మిగులుతాయో రాసి ఉండాలి. అనుమతి లేకుండా అదే బొమ్మనో, పోలిన పేరునో పెట్టుకున్నవాళ్లకు 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద నోటీసు వచ్చే అవకాశం ఉంది. ‘గోల్డ్’ మామూలు మాటే అయినా, అదే రకం సేవకు అదే తీరు అక్షరాలతో వాడితే ఆ వాదన నిలవడం కష్టం.

సభ్యులు రసీదు మీది పేరు చూడాలి. బోర్డు మీద ఉన్నదీ రసీదు మీద ఉన్నదీ ఒకటే కాకపోతే, డబ్బు విషయంలో జవాబుదారీ రసీదు మీదున్నవాడే. ఏడాది ఫీజుకు రాయితీ ఎక్కువ ఇస్తున్న కొద్దీ, యజమాని కిస్తీలకు ఇబ్బంది పడుతున్నాడేమోనని అనుమానించి మూడు నెలల చొప్పున కట్టడమే మేలు. జిమ్ మధ్యలో మూతపడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ ముంబయిలో ఉన్నా రాయగడ సభ్యుడు రాయగడలోనే వేయొచ్చు. దానికి రసీదు, ఫీజు కట్టిన బ్యాంకు లేదా ఫోన్ చెల్లింపు వివరం, సభ్యత్వ కాలం రాసిన కాగితం ఉండాలి.